ఒంటి మూత

నేను ఒక మూతను. డబ్బా మూతను. మూత అనగానే కింద ఏముందా అని చూస్తారు మీరు. నా కింద ఏమీ లేదు. పాత ఇనుము కొనే కొట్టు వెనకాల పెరట్లో, అడుగు ఊడిన కుక్కరుకూ తుప్పుపట్టిన సైకిలు చక్రానికీ మధ్య వెల్లకిలా పడి ఉన్నాను. వెల్లకిలా పడ్డ మూతలో నీళ్ళు నిలుస్తాయి. మొన్నటి వాన ఇంకా నాలోనే ఉంది. పొద్దున ఒక పిచ్చుక వచ్చి అంచు మీద వాలి, రెండు గుక్కలు తాగి పోయింది. నా బతుకులో నేను ఒకరికి ఏదైనా పెట్టానంటే అదే. అంతకు ముందు నా పనల్లా మూయడమే.

ఎక్కడో పెద్ద ఊళ్ళో, పెద్ద మిషను కింద పుట్టాను. స్టీలు రేకును గుండ్రంగా రెండు ముక్కలు కోశారు. పెద్ద ముక్కను లోతుగా నొక్కితే డబ్బా అయింది. చిన్న ముక్కను పళ్ళెంలా నొక్కి అంచు మడిస్తే నేనయ్యాను. ఇద్దరిదీ ఒకే రేకు. దాని మీద నన్ను మొదటిసారి నొక్కినప్పుడు ‘టప్’ మని ఒక చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు వినే నేను మూతనని నాకు తెలిసింది. నాకు ఇంకో సొగసు కూడా ఉండేది. అంచు లోపల చుట్టూ ఒక గాడి, ఆ గాడిలో తెల్లటి రబ్బరు రింగు. దాని వల్ల పప్పుపులుసు పోసి తలకిందులు చేసినా చుక్క కారదు. మామూలు మూతలను చూసి జాలి పడేంత గర్వం నాకు ఆ రింగు వల్ల. గర్వం కొంప ముంచుతుందంటారు. నా గర్వం ఒకటి కాదు, రెండు కొంపలు ముంచింది.

మేమిద్దరం నిడదవోలులో ఒక స్టీలు సామాన్ల కొట్టుకు చేరాం. అక్కడికి ఒకరోజు భూలక్ష్మి వచ్చింది. ఇరవై ఏళ్ళు ఉంటాయి. చంకలో ఆరు నెలల పిల్ల, మోక్షిత. మర్నాడు పిల్లకు అన్నప్రాసన. భూలక్ష్మి డబ్బా నిండా నీళ్ళు పోయించింది, నన్ను నొక్కించింది, తలకిందులు చేసి ఊపింది. మళ్ళీ పోయించింది, మళ్ళీ ఊపింది.

“అమ్మా, ఇది డబ్బా. మీ అల్లుడు కాదు, ఇన్నిసార్లు పరీక్ష పెట్టడానికి” అన్నాడు కొట్టాయన.

“పిల్ల తిండి పెట్టేదండి. కారితే ఎలాగ? ఈగ దూరితే ఎలాగ?” అంది భూలక్ష్మి నవ్వకుండా.

పేరు కొట్టమంది. కొట్టాయన కరెంటు పెన్నుతో డబ్బా మీద ‘భూలక్ష్మి’ అని పూర్తిగా కొట్టి, నా దగ్గరకు వచ్చేసరికి ‘భూ’ అని ఆపేశాడు. “మూతకు ఒక అక్షరం చాలమ్మా. డబ్బాను వదిలి అదెక్కడికి పోతుంది?” అన్నాడు. నేను కూడా అలాగే అనుకున్నాను.

భూలక్ష్మి ఉండేది రైలు గేటు దగ్గర వరస పోర్షన్లలో నాలుగోది. భర్త రైసు మిల్లులో పని, పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు. ఇంట్లో అత్తగారు సత్యవతమ్మ. తొమ్మిదో తరగతిలో బడి మాన్పించి పెళ్ళి చేసిన పిల్ల భూలక్ష్మి. ఆమె చదువు అక్కడ ఆగిపోయింది గానీ భయం ఆగలేదు. పిల్ల దగ్గితే భయం, దగ్గకుండా నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేంత భయం. పిల్ల తింటే ఎక్కువ తిందేమో, తినకపోతే ఏమైందో. ఆ భయమంతా పోయి పోయి వంటింట్లో డబ్బాల మీద పడింది.

ప్రతి గురువారం మధ్యాహ్నం డబ్బాలన్నీ కిందికి దించేది. స్టీలువి, హార్లిక్సు సీసాలు, మిఠాయి కొట్టు ప్లాస్టిక్కు డబ్బాలు, ఎవరి పెళ్ళిలోనో పంచిన చిన్న గిన్నెలు. నేల మీద డబ్బాలు ఒక పక్క, మూతలు ఒక పక్క. ఇక జతలు వెతికేది. ఎప్పుడూ మూతలే నాలుగు ఎక్కువ తేలేవి. “ఇవేంటత్తయ్యా, పిల్లల్ని కంటున్నాయా?” అని విసుక్కునేది. జత దొరకని మూతలను పారేయకుండా ఒక ప్లాస్టిక్కు బుట్టలో వేసి పొయ్యి గట్టు కింద పెట్టేది. ఎప్పటికైనా వాటి డబ్బా వస్తుందని ఆశ. ఆ బుట్టను చూస్తే నాకు నవ్వొచ్చేది. అందులో నేను పడతానని కలలో కూడా అనుకోలేదు.

సత్యవతమ్మది ఒకటే మాట. “కడగ్గానే మూత పెట్టెయ్యాలి. మూత లేని డబ్బా బల్లికి ఉయ్యాల.” ఆమె చిన్నప్పుడు ఎవరి ఇంట్లోనో శుభకార్యంలో సాంబారులో బల్లి పడి ఊరంతా మంచం పట్టిందట. అప్పటి నుంచి ఆమెకు నోరు తెరుచుకున్న డబ్బా కనబడితే నిద్ర పట్టదు. అత్తగారి భయం కోడలి భయానికి తోడైంది. ఆ ఇంట్లో డబ్బా కడిగిన మరుక్షణం, నీళ్ళు కారుతుండగానే, మూత పడిపోయేది. వరసగా అలమరలో పెట్టేవారు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉండేదో! వచ్చిన వాళ్ళందరూ, “భూలక్ష్మి వంటిల్లు చూడాలమ్మా, అద్దం” అనేవారు.

అద్దం వెనకాల ఏముందో ఎవరు చూస్తారు? నా రింగు కింద గాడిలో ఎప్పుడూ తడే. పిల్లకు పెట్టిన పాలన్నం, పెరుగన్నం, వాటి జిడ్డు కొంచెం కొంచెం అక్కడ చేరేది. పైన పీచుతో తళతళా తోమేవారు. రింగు ఊడుతుందని గానీ, ఊడదీసి కడగాలని గానీ ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. కొట్టాయన చెప్పలేదు. నేను చెప్పలేను.

పిల్లకు ఏడాది నిండాక మూడో పోర్షనులోకి ఎస్తేరు వచ్చింది. గోడకు అవతల. భూలక్ష్మి కన్నా నాలుగైదేళ్ళు పెద్ద. పెళ్ళైన మూడో ఏడే భర్త పోయాడు, పిల్లలు లేరు. ఇద్దరు మాస్టార్లకు, ఒక బ్యాంకాయనకు, రైల్వేలో పనిచేసే ముగ్గురికి క్యారేజీలు కట్టి పంపి బతికేది. చేతిలో ఏం ఉందో గానీ, ఆమె పోపు వేస్తే గేటు దగ్గర ఆగిన ఆటోవాళ్ళు కూడా ఇటు తిరిగి చూసేవారు. మొదట్లో సత్యవతమ్మ, ‘వాళ్ళ ఇంటి తిండి మన ఇంట్లోకి వద్దు’ అంది. ఒకసారి గోంగూర పచ్చడి వాసన వచ్చాక ఆ మాట ఎత్తడం మానేసింది. మనుషుల పట్టింపులు ఎంత గట్టివో వాసనలకు బాగా తెలుసు.

ఆ గోడ మీదుగా తిరిగింది మేమే, డబ్బా, నేనూ. భూలక్ష్మి గారెలు వేసి పంపేది. గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదు కదా, ఎస్తేరు నాలుగు జంతికలైనా వేసి పంపేది. మళ్ళీ అటు, మళ్ళీ ఇటు. ఏమీ లేకపోతే చారెడు పంచదార. మూడేళ్ళలో మేము ఒక్కసారి కూడా ఖాళీగా గోడ దాటలేదు.

మోక్షితకు తల్లి చేతి ముద్ద దిగేది కాదు. వెంటపడి వెంటపడి పెడితే వాంతి చేసుకునేది. అదే ఎస్తేరు గోడ మీద నుంచి తల పెట్టి, “ఏం కోడలా, ఇయ్యాల మీ అమ్మ యుద్ధం అయిపోయిందా? ఇక నా కాడికి రా” అంటే నవ్వుకుంటూ పరిగెత్తేది. ఎస్తేరు ఇంటి గట్టు మీద కూర్చుని ఉత్త పప్పన్నం తినేది.

“నా చేతి ముద్ద ఎందుకు తినదు ఒదినా?” అని భూలక్ష్మి కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

“నువ్వు అన్నం పెట్టట్లేదొదినా, భయం కలిపి పెడతన్నావు. అది చేదుగా ఉంటాది” అనేది ఎస్తేరు.

ఇక ఆ రోజు సంగతి. ఆషాఢం, ముసురు పట్టి నాలుగు రోజులైంది. పిల్లకు నాలుగేళ్ళు, ఎల్కేజీలో కొత్తగా వేశారు. నన్ను ఆ వారం మొదట్లో కడిగి, తడిగానే డబ్బా మీద నొక్కి అలమరలో పెట్టారు. నాలుగు రోజులు గాలి లేదు, వెలుతురు లేదు. నా రింగు కింద ఏదో మెత్తగా పెరుగుతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఐదో రోజు భూలక్ష్మి మమ్మల్ని తీసి, ఉడికించిన మొక్కజొన్న పొత్తులు రెండు విరిచి పెట్టి ఎస్తేరుకు పంపింది. పొత్తులను పొట్టుతోనే పెట్టింది కాబట్టి ఎస్తేరుకు ఏమీ కాలేదు.

మర్నాడు పొద్దున ఎస్తేరు డబ్బా తోమింది. నన్ను కూడా తోమింది, పైన. పిల్లకు ఇష్టమని తాటిబెల్లం వేసి సేమ్యా పాయసం చేసింది. పిల్ల ఒక్కదానికే, చిన్న గిన్నెలో, వేరుగా. తీపి చూడ్డానికి చెంచా మీది చుక్కను వేలితో నాలుకకు రాసుకుంది, అంతే. వేడివేడిగా డబ్బాలో పోసి నన్ను నొక్కి, గోడ మీదుగా అందించింది. “బడి నుంచి వచ్చాక పెట్టొదినా, కోడలికి.”

ఆ ‘టప్’ మన్న చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. వేడి పాయసం ఆవిరి నన్ను తడిపింది. గాడిలోకి వెళ్ళింది, రింగు కిందికి వెళ్ళింది, అక్కడున్నదాన్ని కడుక్కుని చుక్క చుక్కగా మళ్ళీ పాయసంలోకి దిగింది. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా. ఒక్కరు తెరిచి చూసినా బాగుండునని ఐదు గంటలు అనుకున్నాను. భూలక్ష్మి రెండుసార్లు వచ్చి, నేను గట్టిగా ఉన్నానో లేదో నొక్కి చూసుకుని వెళ్ళింది.

మోక్షిత అంతా తినేసింది. వేలితో డబ్బా అంచు కూడా నాకింది. తల్లి ఎంత సంతోషపడిందో! సాయంత్రానికి మొదలైంది. వాంతులు, విరేచనాలు. చీకటి పడకముందే పిల్ల మెడ వాల్చేసింది. ఆటోలో పిల్లల ఆసుపత్రికి తీసుకుపోయారు. మూడు రోజులు సెలైను. తిన్నదేదో పాడైందని డాక్టరు చెప్పాడట. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేమన్నాడట. ఈ మాట నేను భూలక్ష్మి నోటనే విన్నాను, మూడో రోజు పొద్దున, పిల్లకు బట్టల కోసం ఇంటికి వచ్చినప్పుడు.

ఎస్తేరు ఆ మూడు రోజులూ తన గుమ్మంలోనే కూర్చుని ఉంది. మొదటి రాత్రి ఆసుపత్రికి వెళ్తే సత్యవతమ్మ లోపలికి రానివ్వలేదట. భూలక్ష్మిని చూడగానే లేచి ఎదురొచ్చింది. “ఒదినా, కోడలు…”

భూలక్ష్మి ఇంట్లోకి వచ్చింది. గట్టు మీద ఎండిపోయిన పాయసంతో డబ్బా అలాగే ఉంది. నేను పక్కన విడిగా పడి ఉన్నాను. డబ్బాను చేతిలోకి తీసుకుని వీధిలోకి నడిచింది. వరస పోర్షన్లవాళ్ళంతా చూస్తుండగా ఎస్తేరు కాళ్ళ ముందు విసిరేసింది.

“నీ డబ్బా నువ్వే ఉంచుకో. నా పిల్లను చంపబోయావు. కడుపు పండనిదానివి, పిల్ల కడుపు సంగతి నీకేం తెలుసు?”

డబ్బా దొర్లుకుంటూ పోయి కాలవ గట్టు దగ్గర ఆగింది. ఆ డబ్బా మీద ఉన్నది భూలక్ష్మి పేరే. కోపంలో ఉన్నవాళ్ళు తమ పేరు తామే చదువుకోలేరు.

నేను గట్టు మీద నుంచి తలుపు సందులో చూస్తున్నాను. ఎస్తేరు వంగి డబ్బాను తీసుకుంది. కొంగుతో మట్టి తుడిచింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను అరవాలనుకున్నాను, ‘నన్ను తిప్పి చూడండి’ అని. దేవుడు మూతకు నోరు పెట్టలేదు.

పిల్ల బతికింది. వారం తిరిగేసరికి ఎస్తేరు ఇంటి ముందు క్యారేజీలు ఆగిపోయాయి. తెలిసి అందరూ మానేశారని వీధి అనుకుంది. నెలలోపే సామాను మూటలు కట్టుకుని, కొవ్వూరు అవతల తల్లి సంతోషమ్మ ఊరికి వెళ్ళిపోయింది. డబ్బా ఆమెతోనే వెళ్ళింది. ఆ గురువారం భూలక్ష్మి జతలు వెతుకుతూ నన్ను చేతిలోకి తీసుకుంది, కాసేపు అలాగే కూర్చుంది, బుట్టలో వేసింది. రెండేళ్ళు ఆ బుట్టలో ఉన్నాను. ప్రతి గురువారం నన్ను తీసేది, చూసేది, వేసేది. పారేయలేదు. ఎందుకు పారేయలేదో ఆమెకూ తెలియదనుకుంటాను.

మోక్షిత మళ్ళీ ముద్ద ముద్దకూ ఏడ్చే పిల్లే అయింది. మొదట్లో గోడ దగ్గరకు వెళ్ళి, “అత్తా” అని పిలిచేది. అవతల కొత్తగా దిగినవాళ్ళు “ఎవరమ్మా నువ్వు?” అనేవారు. తర్వాత పిలవడం మానేసింది.

పిల్ల ఒకటో తరగతికి వచ్చింది. బడి డబ్బా రింగు తెగిపోయి పులుసు కారి పుస్తకాలు తడిశాయి. భూలక్ష్మికి బుట్టలో ఉన్న నేను గుర్తొచ్చాను. నా రింగు తీసి దానికి వేద్దామని, జాకెట్టుకున్న పిన్నీసు తీసి గాడిలోకి దోపి పైకి లాగింది.

రింగు ఊడి వచ్చింది. దాని కింద నల్లగా, ఆకుపచ్చగా, ఎండి పొలుసులు కట్టిన పొర. తడి తగలగానే లేచిన వాసన.

భూలక్ష్మి ముఖం తిప్పుకుంది. మళ్ళీ చూసింది. అలమరలో ఉన్న రింగు మూతలన్నీ దించింది. ఒక్కొక్కటీ పిన్నీసుతో లాగింది. అన్నింటిలోనూ అదే. అద్దంలాంటి ఆమె వంటిల్లు నేల మీద వెల్లకిలా పడి ఉంది. ఆమె మధ్యలో కూర్చుంది. ముసురు, నాలుగు రోజులు, తడిగా నొక్కిన చెయ్యి, అన్నీ ఒకదాని వెనక ఒకటి ఆమెకు అందడం నేను చూశాను.

“అత్తయ్యా, ఎస్తేరు కాదండి. నేనండి. నా చేత్తో నేనే.”

సత్యవతమ్మ వచ్చి చూసింది. “రెండేళ్ళ కిందటి సంగతి. ఇప్పుడు తవ్వితే ఎవరికి లాభం? పిల్ల బాగుంది కదా, వదిలెయ్యి” అంది.

“ఆవిడ బాగుందో లేదో మరి?”

ఆ శుక్రవారం పిల్ల బడికి వెళ్ళగానే భూలక్ష్మి బయలుదేరింది. ముందురోజే చింతపండు, బూడిద వేసి నన్ను రుద్దింది. పిన్నీసుకు గుడ్డ చుట్టి గాడి అంతా గీకింది. మొదటిసారి నన్ను ఎండలో పెట్టింది. అంత వెచ్చగా ఉంటుందని నాకు తెలియదు. మినప్పిండి వేయించి సున్నుండలు చుట్టి కాగితంలో పెట్టుకుంది. నన్ను సంచిలో వేసుకుని బస్సెక్కింది.

సంతోషమ్మ ఇల్లు రేకుల ఇల్లు. భూలక్ష్మిని గుమ్మంలో నిలబెట్టే మాట్లాడింది.

“ఏంటమ్మా, ఇప్పుడు దారి తెలిసిందా?”

“ఎస్తేరు ఉందా అండి?”

“ఎక్కడుంటాది? మస్కట్ ఎల్లి ఏడాదిన్నర దాటింది. ఇంటి పనికి.”

“వంట పనికా అండి?”

సంతోషమ్మ ఆమె వంక వింతగా చూసింది. “వంట? అది వంట ముట్టుకుని రెండేళ్ళయింది. ఆ క్యారేజీలోళ్ళు ఇక్కడిదాకా వచ్చి బతిమాలారు తెలుసా, మళ్ళీ వండమ్మా అని. ఆళ్ళు మానలేదు, ఇదే మానింది. నా చెయ్యి మంచిది కాదమ్మా, పసిపిల్లను చంపబోయింది అంటాది. పాలు విరిగాయేమో, బెల్లంలో ఏం పడిందో అని రోజూ అదే లెక్క. ఏజెంటుతో కూడా చెప్పింది, అంట్లు తోముతాను, బాత్రూములు కడుగుతాను, వంట మాత్రం చెప్పొద్దు అని. ఇక్కడున్నన్నాళ్ళూ కూరలో ఉప్పు కూడా నన్నే ఏసుకోమనేది.”

భూలక్ష్మి గుమ్మంలోనే కూర్చుంది. జరిగిందంతా చెప్పింది. నన్ను తీసి చూపించింది, రింగు తీసిన గాడి చూపించింది. సంతోషమ్మ వింటూ వింటూ లోపలికి వెళ్ళి, పై బల్ల మీద నుంచి డబ్బాను తెచ్చి ముందు పెట్టింది.

నా డబ్బా. అంచు దగ్గర చిన్న సొట్ట, కాలవ గట్టుకు తగిలినచోట.

“మస్కట్ ఎల్లే ముందు ఇందులో చారెడు పంచదార పోసి ఇచ్చింది. ‘అమ్మా, ఇది ఆళ్ళది, ఇచ్చెయ్యి, ఖాళీగా ఇయ్యకూడదు’ అంది. నేను రాలేదు. నా కూతుర్ని అంత మాటన్న గుమ్మం నేనెందుకు తొక్కాలి? మూత లేదు కదా, చీమలు తినేశాయి.”

డబ్బా అడుగున నాలుగు చచ్చిన చీమలు, గోడకు అంటుకున్న రెండు పలుకులు. అంత మాట పడ్డాక కూడా ఆమె ఖాళీగా పంపాలనుకోలేదు. నేను దాని మీద ఉండి ఉంటే ఆ పంచదార ఉండేది. నేను ఉండాల్సినప్పుడు లేను. ఉండకూడనప్పుడు ఐదు గంటలు గట్టిగా ఉన్నాను.

“ప్రతి శుక్రవారం ఫోన్ చేత్తాది. ఉండు” అంది సంతోషమ్మ. ఈసారి లోపల పీట వేసింది.

ఆ లోపు భూలక్ష్మి డబ్బా కడిగింది. గుడ్డతో తుడిచింది. ఎండలో పెట్టి, ఆరేదాకా పక్కనే కూర్చుంది. సున్నుండలు పేర్చి నన్ను మీద పెట్టి నొక్కింది. సొట్ట దగ్గర కొంచెం అడ్డుపడి, తర్వాత ‘టప్’ మంది. రెండేళ్ళ తర్వాత. ఆ కాసేపట్లో నేను దాన్ని ఏమీ అడగలేదు, అది నాకేమీ చెప్పలేదు. ఒకే రేకు ముక్కలం కదా.

ఫోన్ మోగింది. సంతోషమ్మ రెండు మాటలు చెప్పి భూలక్ష్మి చేతికిచ్చింది. అవతల ఎస్తేరు గొంతు, దూరంగా, సన్నగా.

“ఒదినా? కోడలు బాగుందా? ఏమైంది, ఎందుకొచ్చావు? దానికేమైనా అయిందా?”

“బాగుంది ఒదినా. తప్పు నీది కాదు. పాయసం మంచిదే. మూత… మూతలో ఉంది. నేను తడిగా మూసేదాన్ని. రింగు కింద అంతా కుళ్ళిపోయి ఉంది. నీ చెయ్యి మంచిదే. నేనే, నేనే చేశాను. నిన్ను అంత మాట…”

ఫోన్ తెగిపోయిందేమోనని సంతోషమ్మ వంగి చూసింది. తెగలేదు.

“మరి నేను రెండేళ్ళు…” అంది ఎస్తేరు. ఆగింది. “రెండేళ్ళు పొయ్యి దగ్గరకు ఎల్లలేదొదినా. ఇక్కడ మేడం పిల్లోడు ఆకలని ఏడుత్తా ఉంటే, పాలు కలిపి ఇవ్వడానికి కూడా మేడాన్నే పిలిచేదాన్ని.”

“నన్ను తిట్టు ఒదినా.”

నేను డబ్బాను గట్టిగా పట్టుకుని ఉన్నాను. ఎస్తేరు ఏమంటుందో అని ఆ గదిలో అందరికన్నా నాకే ఎక్కువ ఆత్రం. ఆమె నోరు తెరిచి తిడితే భూలక్ష్మి ఆ తిట్టు మోసుకుంటూ జీవితమంతా ఒక్క డబ్బా కూడా మూయలేకపోతుంది. తిట్టకపోతే ఎస్తేరు ఆ బరువు ఎక్కడ దింపుకుంటుంది?

“నిన్ను తిట్టి ఏం చేసుకుంటానే. నువ్వూ పిల్ల కోసమే మూశావు, నేనూ పిల్ల కోసమే వండాను. తప్పు నీదీ కాదు, నాదీ కాదు. ఆ మూతది. ఆ మూత పారెయ్యి ఒదినా. డబ్బా ఉంచు.”

భూలక్ష్మి ఫోను చెవికి ఆనించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎస్తేరు అటు ముక్కు చీదడం వినబడింది. తర్వాత అడిగింది,

“ఏం తెచ్చావు మా అమ్మకి?”

“సున్నుండలు.”

“బెల్లమా, పంచదారా?”

సంతోషమ్మ గబుక్కున ముఖం గోడ వైపు తిప్పుకుంది. ఆమె కూతురు తిండి గురించి ఒక్క మాట అడిగి రెండేళ్ళయింది.

“బెల్లం” అంది భూలక్ష్మి. ఎస్తేరు ఇంకేదో అడగబోయేలోపు అవతల ఎవరో పిలిచారు. ఫోన్ పెట్టేసింది.

సంతోషమ్మ నన్ను తీసి, సున్నుండల మీద ఒక పింగాణీ సాసరు బోర్లించింది. భూలక్ష్మి నన్ను చేతిలోకి తీసుకుంది. నా మీద ‘భూ’ అన్న అక్షరాన్ని బొటనవేలితో రాసింది, చెరిగిపోతుందేమోనన్నట్టు. చెరగలేదు. తర్వాత సంతోషమ్మకు ఇచ్చి, “పాత ఇనపోళ్ళు వస్తే వేసెయ్యండి” అని వెనక్కి తిరిగి చూడకుండా బస్సు కోసం వెళ్ళిపోయింది. నేను గుమ్మం పక్కన రెండు రోజులున్నాను. అక్కడి నుంచి బల్ల మీద డబ్బా కనబడేది. మూడో రోజు సైకిలు మీద ఒకాయన వచ్చాడు.

తర్వాత ఏమైందో నాకు తెలియదు. ఎస్తేరు తిరిగి వచ్చిందో, వచ్చి పొయ్యి ముట్టించిందో, పిల్ల మళ్ళీ ఆమె గట్టు మీద కూర్చుని తిందో, ఏదీ తెలియదు. పోయిన ఆ రెండేళ్ళను ఎవరూ తిరిగి తేలేరు. నా మీద వేసిన తప్పు గురించి మాత్రం నాకు బాధ లేదు. ఎవరో ఒకరు మోయాలి. ఆడమనుషులు మోస్తే వాళ్ళ చేతులు వంటకు పనికిరాకుండా పోతున్నాయి. నేను మోస్తే ఏమవుతుంది? రేకునే కదా.

రేపో ఎల్లుండో లారీ వస్తుందట. మమ్మల్నందరినీ కరిగిస్తారట. మళ్ళీ నన్ను ఏం చేస్తారో. గరిటె చేసినా సరే, గ్లాసు చేసినా సరే. మళ్ళీ మూతనే చేసి, మీ ఇంటికే వస్తే, మీ పిల్లల డబ్బా మీదే పెడితే, ఒక్క మాట వినండమ్మా. రింగు ఊడుతుంది, పిన్నీసు పెట్టి లాగండి. కడిగాక కాసేపు ఎండలో వెల్లకిలా పడెయ్యండి. ఆరిన తర్వాతే మూయండి.